చేను కాసే కంచె.. చేతులకు చేటు కారాదు

- కడీ పట్టేవారికే ముప్పు ఎక్కువ
- వెల్డింగ్ దుకాణంలో తయారయ్యే గొట్టంతో చాలావరకు నివారణ
- యంత్రాలు వాడితే మరో రకం జాగ్రత్తలు తప్పనిసరి

గూడూరు (మహబూబాబాద్ జిల్లా): చేను చుట్టూ కంచె లేనిదే పంట ఇంటికి చేరని పరిస్థితి అడవి అంచు గ్రామాలది. విత్తనం వేసిన నాటి నుంచి కోత వరకు రాత్రిళ్లు మంచెపై జాగారం చేయలేని రైతు అప్పో సప్పో చేసి కంచె వేయిస్తున్నాడు. ముళ్ల తీగ ఎంతకు దొరుకుతుంది, కడీలు ఎక్కడ చవక అన్న ఆరా అందరూ తీస్తారు. ఆ కడీలను నేలలోకి దింపే కూలీ చేతుల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. ఒకరు కడీని పట్టుకొని నిలబడగా మరొకరు సమ్మెట ఎత్తి కొట్టడం తరతరాలుగా సాగుతున్న పద్ధతి. ఒక్క దెబ్బ గురి తప్పితే నలిగేది పట్టుకున్నవారి వేళ్లే. ఈ ముప్పును తప్పించే పరికరాలు ఖరీదైనవేమీ కావు. వాటిలో ఒకటి ఊళ్లోని వెల్డింగ్ దుకాణంలోనే తయారవుతుంది.

అడవి అంచున అనివార్యం

నర్సంపేట - మహబూబాబాద్ మార్గంలోని గూడూరు మండలం ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనతో మహబూబాబాద్ జిల్లాలో చేరింది. సీతానగరం సమీపంలోని భీముని పాదం జలపాతం చూడవచ్చిన వారికి ఇక్కడి అడవి అందంగా కనిపిస్తుంది. ఆ అడవిని ఆనుకొని సాగు చేసే రైతుకు మాత్రం అదే అడవి నుంచి అడవి పందులు, కోతులు వస్తాయి. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే దశలో పందుల గుంపు ఒక్క రాత్రి పడితే మడి మొత్తం నేలమట్టమవుతుంది. తండాల్లోనూ, గూడేల్లోనూ పశువులను ఆరుబయట మేపే అలవాటు ఉన్నందున కంచె లేకుంటే ఇరుగుపొరుగుల మధ్య తగాదాలూ తప్పవు.

కంచె పని ఎంతటిదో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. ఎకరం నేల నలుచదరంగా ఉంటే దాని చుట్టుకొలత సుమారు 835 అడుగులు. పది అడుగులకొక కడీ చొప్పున పాతితే 84 కడీలు కావాలి. ఒక్కో కడీ దిగడానికి 25 దెబ్బలు పడతాయనుకుంటే ఎకరానికి 2,100 దెబ్బలు. అన్ని దెబ్బల్లో ఒక్కటి పక్కకు జారినా ప్రమాదమే. పొద్దెక్కేకొద్దీ కొట్టేవారి భుజాలు అలసిపోతాయి. చెమటకు సమ్మెట కర్ర జారుతుంది. కడీకి ఇంత అని గుత్తకు ఒప్పుకున్న పని అయితే తొందర కూడా తోడవుతుంది. ఉదయం పదింటికి గురి తప్పని చేయి మధ్యాహ్నం మూడింటికి తప్పవచ్చు.

ప్రమాదం ఎక్కడ పొంచి ఉంది?

కంచెలకు వాడే 40 మిల్లీమీటర్ల ఇనుప యాంగిల్ పై అంచు అంగుళంన్నర వెడల్పుకు మించదు. దాని మందం అయిదారు మిల్లీమీటర్లే. అంతటి చిన్న గురిపై అయిదు కిలోల సమ్మెటను తల మీదుగా తిప్పి కొట్టాలి. దెబ్బ అంచున తగిలితే యాంగిల్ పక్కకు ఎగురుతుంది, లేదా సమ్మెట జారి పట్టుకున్నవారి చేతిపైనో, ముంజేతిపైనో, మోకాలిపైనో పడుతుంది. కడీ ఎత్తుగా ఉంటే కొట్టేవారు డ్రమ్ము మీదో, ఎడ్లబండి మీదో, ట్రాక్టరు ట్రాలీ మీదో నిలబడతారు. కాలి కింద నిలకడ లేనిచోట గురి ఇంకా చెడుతుంది.

రెండో ముప్పు కంటికి. ఏళ్ల తరబడి వాడిన సమ్మెట ముఖం అంచులు దెబ్బలకు పువ్వు రేకుల్లా విచ్చుకుంటాయి. ఆ రేకులే ఒక్కోసారి తునిగి తూటాల్లా ఎగురుతాయి. యాంగిల్ పై అంచుకూ ఇదే గతి పడుతుంది. మూడోది సమ్మెట తల ఊడిపోవడం. ఎండకు కర్ర ఎండి బిగువు తగ్గితే తల వదులవుతుంది. ఊడిన తల ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. నాలుగోది చెవికి సంబంధించినది. ఇనుముపై ఇనుము మోత రోజంతా వినేవారికి వినికిడి క్రమంగా మందగిస్తుంది. అది ఒక్కరోజులో తెలిసేది కాకపోవడంతో ఎవరూ పట్టించుకోరు.

కమ్మరి కొలిమి నేర్పే పాఠం

ఈ ముప్పులన్నింటిలో పెద్దది పట్టుకున్నవారి చేయి దెబ్బ కింద ఉండటమే. దీనికి పరిష్కారం ప్రతి ఊరి కమ్మరికీ తెలుసు. కమ్మరి కాలిన ఇనుమును చేత్తో పట్టడు, పట్టకారుతో పడతాడు. కడీని కూడా అలాగే పట్టవచ్చు. నాలుగడుగుల పొడవు గల ఇనుప కడ్డీకి కొసన కొక్కెం వలె వంపు తీర్చి, ఆ వంపులో కడీని ఇమిడ్చి దూరంగా నిలబడితే చాలు. సమ్మెట గురి తప్పినా అది తగిలేది కడ్డీకే. ఇంకేమీ కొనలేని చోట ఈ ఒక్క ఏర్పాటుతోనైనా వేళ్లను కాపాడుకోవచ్చు. అయితే దీనితో దెబ్బ గురి మెరుగుపడదు. అందుకు వేరే మార్గం ఉంది.

బరువును గాలిలో తిప్పకుండా ఒక దారిలో జారేలా చేస్తే దెబ్బ పక్కకు పోదు. వంతెనల పునాదులకు దుంగలు దింపే పనిలో తాళ్లతో బరువును పైకి లాగి వదిలే పద్ధతి ప్రాచీన రోమనుల కాలం నుంచీ ఉంది. స్కాట్లాండుకు చెందిన ఇంజినీరు జేమ్స్ నాస్మిత్ దానికి ఆవిరి శక్తిని జోడించాడు. 1845లో ఇంగ్లండులోని డెవన్‌పోర్టు నౌకా నిర్మాణ కేంద్రంలో ఆయన యంత్రానికీ, పాత పద్ధతికీ పోటీ పెట్టారు. కూలీలకు 12 గంటలకు పైగా పట్టిన పనిని ఆ యంత్రం నాలుగున్నర నిమిషాల్లో ముగించినట్లు నాస్మిత్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆ యంత్రం దుంగ తల మీదే కూర్చొని, దానితోపాటే కిందికి దిగేది. దుంగను చేత్తో పట్టుకొని ఉండాల్సిన అవసరం ఎవరికీ లేకుండా పోయింది. రైతు చేతిలో ఇమిడే పరికరం కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది.

గొట్టమే సుత్తి

పరికరాల దుకాణాల్లో పోస్ట్ డ్రైవర్ అని పిలిచే దీనిని తెలుగులో గొట్టపు సుత్తి అనవచ్చు. లావుపాటి ఇనుప గొట్టం, దానికి ఒక కొసన మందమైన ఇనుప బిళ్ల మూత, రెండు పక్కలా పిడులు - ఇంతే దీని నిర్మాణం. మూత పైకి ఉండేలా గొట్టాన్ని కడీకి టోపీ వలె తొడుగుతారు. రెండు చేతులతో పిడులు పట్టి అడుగు మేర పైకి లేపి కిందికి వదులుతారు. గొట్టం కడీ వెంబడే జారుతుంది కనుక దెబ్బ ప్రతిసారీ కడీ నడినెత్తినే పడుతుంది. కడీని పట్టుకునేందుకు రెండో మనిషి అవసరమే లేదు. ఉన్నా కడీ నిటారుగా ఉందో లేదో దూరం నుంచి చూసి చెబితే చాలు.

50 మిల్లీమీటర్ల యాంగిల్‌ను మూల నుంచి మూలకు కొలిస్తే 71 మిల్లీమీటర్లు ఉంటుంది. లోపలి వ్యాసం దాదాపు 80 మిల్లీమీటర్లున్న గొట్టంలో అది సులువుగా పడుతుంది. దాదాపు అయిదు మిల్లీమీటర్ల మందం గల ఇటువంటి గొట్టం రెండున్నర అడుగుల ముక్క ఏడున్నర కిలోల దాకా తూగుతుంది. పైన 20 మిల్లీమీటర్ల మందపు బిళ్ల, పక్కన పిడులు కలిపితే మొత్తం బరువు పది కిలోల దరిదాపు. దీని ఒక్కో దెబ్బ బలం సమ్మెట దెబ్బకంటే తక్కువే. దెబ్బలు ఎక్కువ పడతాయి. అయినా ఒక్కటీ వృథా కాదు, తల మీదుగా తిప్పే శ్రమా ఉండదు.

తయారు చేయించేటప్పుడు కొన్ని మెలకువలు పాటించాలి. బిళ్ల చుట్టూ అక్కడక్కడా అతుకులు కాక పూర్తిగా వెల్డింగ్ వేయించాలి, ఎందుకంటే దెబ్బ భారమంతా ఆ అతుకు మీదే పడుతుంది. గొట్టం కింది అంచును ఆకురాయితో నున్నగా రుద్దించాలి. పిడులను గొట్టానికి మరీ దగ్గరగా కాక, పిడికిలి కడీకి తగలనంత ఎడంగా అమర్చాలి. ప్రతి ఉదయం పనికి ముందు అతుకు వద్ద పగులు ఉందేమో చూడాలి.

దీనికీ ఉంది ఒక ప్రమాదం

గొట్టపు సుత్తి వల్ల గాయాలు కావని కాదు. ఉత్సాహంతో మరీ పైకి లేపితే గొట్టం కడీ నుంచి పూర్తిగా బయటకు వస్తుంది. అప్పుడు పది కిలోల ఇనుము అంచు కడీ తలను కాక, లేపినవారి తలనో, మెడనో తాకుతుంది. దీనిని నివారించేందుకు కడీ పైకొస నుంచి అడుగున్నర కింద సుద్దతోనో, రంగుతోనో ఒక గీత గీయాలి. గొట్టం కింది అంచు ఆ గీత దాటి పైకి రాకూడదన్నది నియమం.

కడీ ఎత్తు భుజాలను మించినా ఇదే చిక్కు. ఆరడుగుల యాంగిల్‌ను నేల మీద నిలిపి కొట్టడం మొదలుపెడితే చేతులు తల దాటి లేపాలి. ముందుగా గడ్డపారతో అడుగు లోతు సన్నని గుంత తీసి అందులో నిలిపితే పైన అయిదడుగులే మిగులుతుంది. గొట్టాన్ని అప్పుడు భుజాల ఎత్తులో ఆడించవచ్చు. అంతకంటే పొడవైన కడీలకు గొట్టపు సుత్తి తగదు, గుంత తీసి పాతడమే క్షేమం. తలకు హెల్మెట్, చేతులకు తొడుగులు, కంటికి అద్దాలు, చెవికి దూది కాక సరైన బిరడాలు, కాళ్లకు బూట్లు ఉండాలి. పనిచేసే చోటికి పిల్లలను రానీయరాదు.

ఏ కడీకి ఏ పద్ధతి?

అన్ని కడీలనూ కొట్టి దింపలేం. రాతి కడీలు, సిమెంటు కడీలు దెబ్బకు పగులుతాయి. వాటిని గుంత తీసి నిలపాల్సిందే. అక్కడ ముప్పు బరువు రూపంలో ఉంటుంది. ఆరడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, నాలుగంగుళాల మందం గల రాతి కడీ సుమారు 75 కిలోలు తూగుతుంది. ఏడడుగుల పొడవు, నాలుగంగుళాల నలుచదరపు సిమెంటు కడీ 50 కిలోలు దాటుతుంది. ఒక్కరే ఎత్తబోతే నడుము పట్టేయడమో, కాలిపై పడటమో జరుగుతుంది. ఇద్దరు కలిసి కడీ అడుగు కొసను గుంత అంచుకు చేర్చి, పై కొసను క్రమంగా లేపుతూ జారవిడవాలి. గుంతలో చేయి పెట్టి సర్దకూడదు. మట్టిని గడ్డపార మొద్దు కొసతో పొరలు పొరలుగా దట్టించాలి.

కర్ర గుంజలను కొట్టి దింపవచ్చు. కాకుంటే కింది కొసను చెక్కి మొన తీర్చాలి. ఇనుప సమ్మెట దెబ్బకు గుంజ తల చీలి పుల్లలు ఎగురుతాయి కనుక కొయ్య సుత్తి వాడటమో, తలకు ఇనుప కట్టు వేయడమో మేలు. గుంజ లావుకు తగిన గొట్టం ఉంటే గొట్టపు సుత్తి దీనికీ పనికివస్తుంది.

నేలను బట్టి కూడా పద్ధతి మారుతుంది. ఎండాకాలంలో చలక నేల రాయిలా గట్టిపడుతుంది. దాని కింద మొరం పొర తగిలితే కడీ వంగుతుందే తప్ప దిగదు. ఒకటి రెండు వానలు పడి పదును ఉన్నప్పుడు అదే కడీ సగం దెబ్బలకే దిగుతుంది. తొలకరి తర్వాత పని పెట్టుకోవడమో, ముందురోజు గుర్తు పెట్టిన చోట నీళ్లు పోసి నానబెట్టడమో చేస్తే కూలి కలిసివస్తుంది, ప్రమాదమూ తగ్గుతుంది. నల్లరేగడిలో కడీ తేలిగ్గా దిగినా, ఎండకు నేల నెర్రెలిచ్చినప్పుడు వదులవుతుంది. అక్కడ లోతు పెంచాలి. మూల కడీలకు ఊతకర్రలు తప్పనిసరి, ఎందుకంటే తీగ లాగినప్పుడు బిగువంతా వాటి మీదే పడుతుంది. రాయి తగిలి కడీ ఆగిపోతే మరింత గట్టిగా కొట్టడం కంటే జానెడు పక్కకు జరపడం తెలివైన పని.

గుంతలు తీసే యంత్రంతో జాగ్రత్త

వడ్రంగి బర్మా వలె మెలికలు తిరిగిన ఇనుప పలకతో నేలను తొలిచే యంత్రాన్ని ఆగర్ అంటారు. వీటిలో చేత్తో పట్టి నడిపే పెట్రోలు యంత్రాలు, ట్రాక్టరుకు తగిలించేవి అని రెండు రకాలు. సమ్మెట దెబ్బ బాధ వీటితో తప్పుతుంది కానీ, తిరిగే యంత్రంతో వచ్చే బాధ మొదలవుతుంది.

చేతి ఆగర్ పలకకు వేరో, రాయో అడ్డుపడితే అది ఆగిపోతుంది. ఇంజను ఆగకపోవడంతో ఆ విసురు పిడుల మీదికి వస్తుంది. పట్టుకున్నవారి మణికట్టు మెలిపడటం, పిడి పొట్టకు తగలడం అప్పుడే జరుగుతాయి. పలక చిక్కుకున్నప్పుడు తక్షణం పట్టు వదిలే క్లచ్ ఉన్న యంత్రాన్నే తీసుకోవాలి. రాళ్లు ఎక్కువగా ఉన్న నేలలో ఇద్దరు పట్టే యంత్రమే మంచిది. కాళ్లు ఎడంగా పెట్టి, యంత్రాన్ని ఒంటికి దగ్గరగా ఉంచి, కొద్ది కొద్దిగా దింపుతూ మధ్యమధ్య పైకి తీసి మట్టి దులపాలి. చిక్కిన పలకను ఇంజను ఆపిన తర్వాతే వెనక్కి తిప్పి తీయాలి.

ట్రాక్టరు ఆగర్‌కు శక్తి అందేది వెనుక ఉండే పీటీవో షాఫ్టు ద్వారా. దీని ప్రామాణిక వేగం నిమిషానికి 540 చుట్లు, అంటే సెకనుకు తొమ్మిది. ఏడు సెంటీమీటర్ల లావు షాఫ్టుకు లుంగీ కొసో, తువ్వాలో, చీర కొంగో చిక్కితే సెకనుకు దాదాపు రెండు మీటర్ల బట్టను చుట్టేస్తుంది. కేక వేసే లోపే మనిషిని లాక్కుంటుంది. షాఫ్టుపై ప్లాస్టిక్ తొడుగు ఉండేది ఇందుకే. గ్రీజు పెట్టడానికి అడ్డమని దానిని ఊడదీసి పక్కన పడేయడం అనేకచోట్ల కనిపిస్తుంది. తొడుగు లేని యంత్రాన్ని కిరాయికి తీసుకోరాదు. పలక త్వరగా దిగడం లేదని దాని మీద మనిషిని ఎక్కించి బరువు పెట్టడం ప్రాణంతో చెలగాటమే. యంత్రం తిరుగుతుండగా డ్రైవరు ట్రాక్టరు దిగకూడదు, మిగిలినవారు దరి చేరకూడదు.

తీసిన గుంతలను అదేరోజు పూడ్చలేకుంటే రాళ్లతోనో, పలకలతోనో మూయాలి. రెండడుగుల గుంత చిన్నదే అనిపించినా చీకట్లో పశువు కాలు విరగడానికి, పసివారు పడటానికి అది చాలు.

ట్రాక్టరు సమ్మెట

న్యూజిలాండ్, బ్రిటన్ వంటి పశుపోషణ దేశాల్లో ట్రాక్టరుకు అమర్చే దెబ్బ యంత్రాలను విస్తృతంగా వాడతారు. వందల కిలోల దిమ్మె పట్టాల మధ్య పైకి లేచి గుంజ తలపై పడుతుంది. ఈ యంత్రాలు రానంతవరకు చేయి నలగడం, వచ్చాక చేయి పోవడం అన్న తేడా ఇక్కడ ఉంది. దిమ్మె కింద గుంజను చేత్తో సర్దబోవడమే ఎక్కువ కీడు చేస్తుంది. అందువల్ల గుంజను యంత్రమే పట్టి ఉంచే బిగింపు గలవి, మీట నొక్కి ఉంచినంతసేపే పనిచేసి చేయి తీయగానే ఆగేవి మేలైనవిగా పరిగణిస్తారు. దిమ్మె పైకి లేచి ఉన్నప్పుడు అడ్డుకడ్డీ వేయనిదే దాని కింద తల పెట్టరాదు. ఏటవాలు నేలపై పైకి లేపిన బరువు ట్రాక్టరునే పడదోయగలదు. చిన్న కమతాలు గల రైతుకు ఈ యంత్రం సొంతంగా కొనవలసిన అవసరం లేదు. పదులకొద్దీ ఎకరాల తోటలకు కంచె వేసే గుత్తేదారులకే అది గిట్టుబాటవుతుంది.

పైన తీగలు.. కింద కేబుళ్లు

చేలపై నుంచి సాగే విద్యుత్తు తీగలు కొన్నిచోట్ల వేలాడుతూ చేతికందేంత కిందికి ఉంటాయి. పొడవాటి యాంగిల్‌ను నిలువుగా మోసుకెళ్లడం, ఆగర్‌ను పైకి లేపి ట్రాక్టరు నడపడం అటువంటిచోట ప్రాణాంతకం. కడీలను అడ్డంగానే మోయాలి. తీగలు వేలాడుతుంటే ముందుగా విద్యుత్తు సిబ్బందికి తెలపాలి. నేలలోనూ బోరు మోటారు కేబుల్, పైపులైను ఎటు పోతున్నాయో గుర్తులు పెట్టుకున్నాకే గుంత తీయాలి.

కంచె పూర్తయ్యాక దానికి నేరుగా కరెంటు తగిలించడం నేరం. అడవి పందుల కోసం పెట్టిన తీగకు పొరుగు రైతులు, కూలీలు, చివరకు పెట్టినవారే బలైన సంఘటనలు తెలుగు రాష్ట్రాల్లో అనేకం. విద్యుత్తు కంచె కావాలనుకునేవారు క్షణకాలపు షాక్ మాత్రమే ఇచ్చే ప్రామాణిక సౌర పరికరాన్ని అమర్చుకోవాలి.

గాయమైతే ఏం చేయాలి?

నలిగిన వేలికి పసుపో, కాఫీపొడో అద్ది పని కొనసాగించడం పరిపాటి. అది తగదు. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి, చేయి పైకెత్తి ఉంచి 108కు ఫోను చేయాలి. వేలు తెగిపడితే దానిని తడిపిన శుభ్రమైన బట్టలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతికట్టి, ఆ సంచిని మంచు మీద ఉంచి రోగితోపాటు తీసుకెళ్లాలి. తెగిన భాగానికి మంచు నేరుగా తగలకూడదు. కంట్లో ఇనుప నలుసు పడితే నలపరాదు, లాగరాదు. కంటిపై ఒత్తిడి పడకుండా చిన్న గిన్నె వంటిది బోర్లించి కట్టి కంటి వైద్యుని వద్దకు చేర్చాలి. ధనుర్వాతం రాకుండా టీకా గురించి వైద్యుని అడగాలి.

వేలు పోతే దిక్కెవరు?

తెలంగాణలో 2018 ఆగస్టులో ప్రారంభమైన రైతుబీమా కింద రైతు మరణిస్తే కుటుంబానికి రూ.5 లక్షలు అందుతుంది. అది 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసు గల పట్టాదారులకు ఉద్దేశించిన జీవిత బీమా. గాయాలకు వర్తించదు. సమ్మెట పట్టే కూలీకి సెంటు భూమి కూడా లేకుంటే ఆ నీడ కూడా ఉండదు.

బ్యాంకు ఖాతా ఉన్నవారు 18 నుంచి 70 ఏళ్ల వయసు వరకు ప్రధానమంత్రి సురక్ష బీమా యోజనలో చేరవచ్చు. 2015లో ఏడాదికి రూ.12తో మొదలైన ఈ ప్రీమియాన్ని 2022 జూన్ నుంచి రూ.20 చేశారు. ప్రమాదంలో మరణించినా, రెండు కళ్లు లేదా రెండు చేతులు కోల్పోయినా రూ.2 లక్షలు, ఒక కన్ను లేదా ఒక చేయి పూర్తిగా పోతే రూ.లక్ష చెల్లిస్తారు. రెండు వేళ్లు నలిగి పనికిరాకుండా పోతే మాత్రం ఇందులో పరిహారం లేదు. పత్తి తీయడానికీ, మిరప కోయడానికీ, నాటు వేయడానికీ ఆ వేళ్లే ఆధారమైన కూలీకి అది బతుకుతెరువు పోవడంతో సమానం. ప్రమాదం జరిగాక ఆదుకునే ఏర్పాటు ఇంత పలుచగా ఉన్నప్పుడు, జరగకుండా చూసుకోవడమే మిగిలిన దారి.

వ్యవసాయ యంత్రాల వల్ల చేతులు పోవడం దేశాన్ని కదిలించిన సందర్భం ఒకటుంది. నూర్పిడి యంత్రాల్లో పడి కూలీలు చేతులు పోగొట్టుకుంటుండటంతో 1983లో పార్లమెంటు ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేసింది. కడీలు దింపే సమ్మెటకు అటువంటి చట్టమేదీ అడ్డు రాదు. పని చేయించే రైతు, ఒప్పుకున్న గుత్తేదారు పట్టింపే అక్కడ చట్టం.

ఊరికొకటి చాలు

అవసరాన్ని దగ్గరగా చూసినవారే పనిముట్టును మార్చగలరనడానికి తెలంగాణలోనే ఉదాహరణ ఉంది. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోసే తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. గొట్టపు సుత్తికి అంతటి పరిశోధన కూడా అక్కర్లేదు. రూపం తెలిసిందే, ఇనుము దొరికేదే, అతికేవారు ఊళ్లో ఉన్నవారే.

ఒక్కో రైతు ఒకటి చేయించుకోవలసిన పని కూడా లేదు. కంచె పని ఏళ్లకొకసారి వచ్చేది. ఊరికి ఒకటి రెండు గొట్టపు సుత్తులు, నాలుగు జతల చేతి తొడుగులు, కంటి అద్దాలు, రెండు హెల్మెట్లు ఉంటే రైతు సంఘమో, మహిళా సంఘమో వాటిని వంతులవారీగా ఇవ్వవచ్చు. ఆగర్ వంటి యంత్రాలు అద్దె కేంద్రాల్లో ఉన్నాయా, రాయితీ జాబితాలో చేరాయా అన్నది పని పెట్టుకునే ముందే మండల వ్యవసాయ అధికారి వద్ద విచారించుకోవాలి. 

కూలి మాట్లాడుకునేటప్పుడే పద్ధతి కూడా మాట్లాడుకోవడం మరో మార్గం. కడీ లెక్కన కాక రోజు లెక్కన కూలి ఇస్తే తొందర తగ్గుతుంది. మధ్యాహ్నం ఎండ వేళ విరామం ఇస్తే గురి నిలుస్తుంది. కడీని చేత్తో పట్టి కొట్టించబోనని రైతు ముందే చెబితే, కాదనే కూలీ ఉండడు. ఎకరం కంచెకయ్యే తీగ, కడీల ఖర్చు పక్కన గొట్టానికయ్యే ఖర్చు లెక్కలోకి రానిది. పంటను కాపాడేందుకు వేలకు వేలు పెడుతున్నవారు, పంట పండించే చేతుల కోసం ఆ కొంత పెట్టడానికి వెనుకాడనవసరం లేదు.